మావయ్య సగం కడిగిన గన్ను

మా మావయ్య పోయాడు. మొన్న వేసవిలో, సాలూరులో, తన పనిగదిలో, చేతిలో గన్నుతోనే పోయాడు. గన్ను అంటే కంగారు పడకండి. చిన్న చిన్న నమూనా బొమ్మలకు రంగు వేసే ఎయిర్‌బ్రష్ అది, పెన్ను కంటే కాస్త లావుగా ఉంటుంది. కంప్రెసర్ గాలి తోస్తే దాని మూతిలోంచి రంగు సన్నటి తుంపరగా వస్తుంది. ఆయన దాన్ని గన్ను అనేవాడు, అందుకే నాకూ ఆ పేరే అలవాటు.

కబురు చెప్పింది ఆయన అన్నగారు, మా పెద్దమావయ్య. నేను విజయనగరంలో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్ని. క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది. "కరెంటు పోనాదని గన్ను కడగడానికి కూకున్నాడట అమ్మీ. కుర్సీలోనే వాలిపోనాడు. డాక్టరొచ్చి సూసి గుండె అన్నాడు. వసారాలోకి తెచ్చి పడుకోబెట్టినాం. పేణం పోయిన సోట దీపమెట్టాల కదా, ఆ ఏర్పాటు సేస్తన్నాం. నువ్వు బేగి బయల్దేరు."

ఏడవాల్సిన చోట నాకు ఏడుపు రాలేదు. "సీసా మూత పెట్టారా?" అని అడిగాను. పెద్దమావయ్యకు అర్థం కాలేదు. ఏ సీసా అన్నాడు. నేను గట్టిగా చెప్పబోయేలోగా అక్కడ ఎవరో గొల్లుమన్నారు, ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అత్త ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. చావు జరిగిన ఇంట్లో ఫోన్లు ఎవరు ఎత్తుతారు?

నా భయం మీకు అర్థం కావాలంటే కాస్త పని గురించి చెప్పాలి. ఆ రంగులు నీళ్ళకు వదలవు, థిన్నర్‌తోనే కడగాలి. గన్ను మీది చిన్న గిన్నెలో మిగిలిన రంగు ఒంపేసి, థిన్నర్ పోసి, లోపలి మురికి కదిలేదాకా ఆడించి, సూది లాగి తుడవాలి. అంతసేపూ సీసా మూత తెరిచే ఉంటుంది. నిప్పు తగిలితే భగ్గుమనే దాని ఆవిరి కంటికి కనబడదు. పైకి కూడా లేవదు, నేల వెంట పాకుతుంది. మన వాళ్ళు ప్రాణం పోయిన చోట దీపం పెట్టేదీ నేల మీదే. పైగా రంగు మీద దుమ్ము పడకూడదని మావయ్య కిటికీలు మూసి, గాలిని బయటకు లాగే ఫ్యాను వేసుకుని పని చేసేవాడు. కరెంటు లేదంటే ఆ ఫ్యాను ఆగిపోయినట్టే. కడిగే ముందు కిటికీలు తెరిచేవాడు కానీ, ఆ రోజు తెరిచేదాకా ఉన్నాడో లేదో నాకు తెలియదు.

బస్సు దొరికింది. సీటు కూడా దొరికింది. కిటికీలోంచి వచ్చే వేడిగాలికి మొహం పెట్టి కూర్చున్నాను.

మావయ్య వయసులో ఉన్నప్పుడు సాలూరు షెడ్లలో లారీ బాడీలకు రంగులు వేసేవాడు. తర్వాత లారీలు వదిలేసి లారీ బొమ్మలు పట్టుకున్నాడు. అరచేతిలో పట్టేంత లారీ, దానికి టార్పాలిన్, తాళ్ళు, వెనకాల తలుపు మీద పువ్వులు, అన్నీ ఉండేవి. ఓనర్లు తమ మొదటి బండి ఫొటో తెచ్చి, అచ్చం ఇలాగే కావాలని చేయించుకుని ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టుకునేవారు. ఒకాయన తన బండికి ఎడమ వైపు సొట్ట ఉండేదని, అది కూడా పెట్టమన్నాడు. మావయ్య వారం పాటు ఆ సొట్టతోనే కుస్తీ పట్టాడు. నేను నవ్వితే, బండి కొత్తదైతే ఎవడిదైనా ఒకటే, సొట్ట పడ్డాకే అది ఆయనది అయిందన్నాడు.

నాకు గన్ను పట్టుకోవడం నేర్పింది ఆయనే. మొదటి సెలవులంతా రంగు వేయనివ్వలేదు, కడగడమే. మాస్కు పెట్టుకో, చేతులకు తొడుగులు వేసుకో, కిటికీలు తెరువు, ఆ తర్వాతే మూత తియ్యి. సూదిని వెనక నుంచి మొనవైపే తుడువు, ఎదురు తుడిస్తే మొన వంగుతుంది, వేలూ తెగుతుంది. గన్ను మొత్తాన్ని థిన్నర్లో ముంచకు, లోపలి రబ్బరు ఉబ్బిపోతుంది. తడి గుడ్డల్ని మూలకు విసిరెయ్యకు, మూతున్న డబ్బాలో వేసి పెరట్లో పెట్టు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంత చాదస్తం ఎందుకు మావయ్యా అని ఒకసారి అనేశాను. ఆయన కోప్పడలేదు. "రంగు ఎవుడైనా ఏస్తాడమ్మీ. కడిగి లెగిసినోడే ఇంటికెల్తాడు" అన్నాడు.

గజపతినగరం దగ్గర ఫోన్ మళ్ళీ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మరో బెంగ పుట్టింది. కంప్రెసర్ స్విచ్ వేసే ఉండిపోయి ఉంటే, కరెంటు వచ్చిన క్షణంలో అది దానంతట అదే గుర్రుమంటుంది. లోపల చిన్న నిప్పురవ్వ చాలు. పక్క సీటులో ఆమె ఏమ్మా ఒంట్లో బాలేదా అని అడిగింది. బావున్నానని చెప్పాను.

ఆయన కుడి ముంజేతి మీద చర్మం ముడతలు పడి మెరుస్తూ ఉండేది. అడిగిన ప్రతిసారీ మాట దాటేసేవాడు. ఒక్కసారి మాత్రం చెప్పాడు. షెడ్డులో లారీ పూర్తయింది. కొత్త బండి కదిలే ముందు కొబ్బరికాయ కొట్టి హారతి ఇస్తారు కదా, ఆ హారతి పళ్ళెం చక్రం దగ్గర దించారు. ఆ చక్రం వెనకే గన్నులు కడిగిన థిన్నర్ బకెట్టు ఉంది. కర్పూరం పళ్ళెంలోనే ఉందట, మంట మాత్రం బకెట్టు దగ్గర లేచింది. డ్రైవరు పంచె అంటుకుంది. మావయ్య చేతులతోనే ఆర్పాడు. డ్రైవరు బతికాడు కానీ మళ్ళీ లారీ ఎక్కలేదు. "బకెట్టు నాదే" అని చెప్పి, లేచి వెళ్ళి కిటికీలు తెరిచి ఉన్నాయో లేదో చూసుకున్నాడు. ఆయన చాదస్తాన్ని ఆ తర్వాత నేను ఎప్పుడూ వెక్కిరించలేదు.

వెక్కిరించే పని అత్త చూసుకునేది. ఊరందరూ వంటింట్లో గ్యాస్ చూసి భయపడతారు, ఈయన సీసా చూసి భయపడతాడు అనేది. ఆ గదిలోకి ఆమెకు అగ్గిపెట్టెతో ప్రవేశం లేదు. అగరొత్తి పొగ కూడా గుమ్మం దాటకూడదు. ఏ వస్తువూ ముట్టనివ్వడు కాబట్టి గది ఊడవడం కూడా తప్పిందని సంతోషపడేది.

రామభద్రపురం దాటాక దూరంగా పొగ కనిపించింది. పొలంలో ఎవరో చెత్త తగలబెడుతున్నారు. అది చెత్తేనని తెలిసేదాకా నేను నిలబడే ఉన్నాను. కండక్టరు కూర్చోమని కసిరాడు.

దిగి వెళ్ళేసరికి ఇల్లు ఉన్నది ఉన్నట్టే ఉంది. వసారాలో మావయ్యను పడుకోబెట్టారు. తల దగ్గర దీపం వెలుగుతోంది, కానీ అక్కడ గాలి ఉంది, భయం లేదు. లోపల నడవలో జనం గుంపు కట్టి ఉన్నారు. పెద్దమావయ్య చేతిలో ప్రమిద పట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. పనిగది తలుపు మూసి ఉంది. దానికి వీపు ఆనించి, కాళ్ళు గుమ్మానికి అడ్డంగా చాపి అత్త నేల మీద కూర్చుని ఉంది. దుఃఖంతో మతి పోయిందని ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. పొద్దుటి నుంచీ బతిమాలినా, తిట్టినా కదలలేదట. మొగుడి ప్రాణానికి వెలుగు చూపనివ్వని ఆడదాన్ని ఎక్కడా చూడలేదని ఎవరో ఆమెకు వినబడేలాగే అన్నారట.

నన్ను చూసి అత్త ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని లేచింది. "లోన సీసా తెరిసున్నాది. మూతెట్టడం నాకు రాదు, ఆయన ముట్టనిచ్చేవోడు కాదు. సెప్పినా ఎవులూ ఇనలేదు, అందికే ఎవుల్నీ ఎల్లనివ్వలేదు. నువ్వెల్లు" అంది. మళ్ళీ ఆగి, "ఆ గన్ను మురికితో ఒగ్గీకు" అంది.

ముందు వసారాలో కరెంటు మెయిన్ కట్టేశాను. మాస్కు లేదు, తడి చున్నీ ముక్కుకు కట్టుకుని తలుపు తీశాను. కిటికీలు రెండూ మూసే ఉన్నాయి. ఎన్నడూ తప్పని వరస ఆ ఒక్కరోజు తప్పాడు, అప్పటికే ఒంట్లో బాగోలేదేమో. ఘాటు కళ్ళలోకి కొట్టింది. మూత బల్ల మీద ఉంది, సీసా నోరు తెరిచి ఉంది. ఆ నేల మీద ఒక్క వత్తి వెలిగి ఉంటే, నడవలో నిలబడ్డ ఇంతమందీ ఏమయ్యేవారో నేను ఇప్పటికీ పూర్తిగా ఊహించుకోలేను. మూత బిగించి, కిటికీలు తోసి, గన్నునీ గుడ్డల్నీ పెరట్లోకి తెచ్చుకున్నాను.

అక్కడ కూర్చుని కడిగాను. గిన్నె అడుగున ఆకుపచ్చ రంగు అప్పటికే చిక్కబడింది. థిన్నర్ పోసిన కొద్దీ పచ్చగా, లేతపచ్చగా, చివరికి ఏ రంగూ లేకుండా వచ్చింది. సూది తుడిచి, మొన వంగిందేమోనని ఆయనలాగే గోటి మీద ఆనించి చూశాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఎంత ఏడ్చానంటే పెద్దమావయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. నాకు ఈ లోకంలో ఏదైనా పని సరిగ్గా వచ్చిందంటే అది ఆయన నేర్పిందే.

గదిలో ఆవిరి పోవడానికి సాయంత్రమైంది. కుర్చీ పక్కన ప్రమిద పెట్టి, నూనె పోసి, వత్తి వేశారు. అత్త గుమ్మంలో కూర్చుని అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది.

"వాసన పోనాదా?" అని నన్ను అడిగింది.

నేను లోపలికెళ్ళి, నేలకు మొహం ఆనించి, ఆయన కుర్చీ కిందా బల్ల కిందా వాసన చూశాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ గదికి, ఆయన చొక్కాలకు, ఆయన చేతులకు ఒకే వాసన. ఇప్పుడు అక్కడ కిటికీలోంచి వచ్చిన మట్టిగాలి తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా చెప్పాలి.

"పోనాది అత్తా" అన్నాను.

ఆమె తల ఊపింది. పుల్ల తీసి పెట్టెకు ఆనించింది. ఇంక వెలిగించమని పెద్దమావయ్య మెల్లగా అన్నాడు. ఆమె గీయలేదు. పుల్ల అలాగే పట్టుకుని, ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, గదిలో చీకటి పడేదాకా కూర్చుంది.