పడిన కారణం

నేను ఎముకల డాక్టర్ని. అయినా నా పేరుతో అచ్చయిన పరిశోధన పత్రాల్లో సగం గుండె లయ తప్పడం గురించే. "కీళ్లొదిలి గుండె మీద పడ్డావేంటి?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తుంటారు. అందుకు కారణం మోండా మార్కెట్లో ఆకుకూరలమ్మే ఒక పెద్దామె.

అప్పట్లో తుంటి ఎముక విరిగినవాళ్ల మీద నా మొదటి పత్రానికి వివరాలు సేకరిస్తున్నాను. ఫారం నేనే తయారుచేశాను. 'పడిన కారణం' దగ్గర మూడే గళ్లు: జారడం, వాహనం, ఇతరం. ఇతరం అంటే పక్కన వివరం రాయాలి. నాకంత ఓపికెక్కడిది? ముసలివాళ్లందరినీ జారడంలో వేసేసేదాన్ని.

పెద్దామె వార్డుకొచ్చిన ఉదయం కూడా అంతే.

"నేను జారలే బిడ్డా. ముందుగాల గుండె దడదడ అన్నది. కండ్లకు చీకట్లొచ్చినయ్. గప్పుడు పడ్డ."

"సరే అమ్మా, రాసుకుంటున్న" అని, జారడం దగ్గరే టిక్కు పెట్టాను. ఈసీజీ మామూలుగానే ఉంది. మర్నాడే ఆపరేషన్.

ఆ వార్డులో ఒక సీనియర్ సిస్టర్ ఉండేది. మేమంతా నాడి పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేసే బాపతు. ఆమె మాత్రం నిమిషం నిండా పట్టుకునేది. వట్టి చాదస్తం అనుకునేదాన్ని. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "డాక్టర్, ఈ అమ్మ నాడి మధ్యల మధ్యల తప్పుతున్నది. జెర మల్ల ఈసీజీ తీయిద్దాం" అంది. విసుక్కుంటూనే ఒప్పుకున్నాను. గీతలు అడ్డదిడ్డంగా వచ్చాయి. ఆపరేషన్ ఆపి, గుండె డాక్టర్ని పిలిపించి, మందులతో లయ కుదుటపడ్డాకే చేశాం. ఆ సిస్టర్‌ని తలచుకుని దణ్ణం పెట్టుకోని రోజు లేదు.

ఇంత జరిగాక కూడా డిశ్చార్జి కాగితంలో పాత ఫారం చూసి 'జారిపడ్డారు' అనే రాశాను!

కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు ఆమె ఆ కాగితం నా ముందు పెట్టింది. "నువ్వు రాసింది జూపెట్టి నా కొడుకు మార్కెట్ బంద్ అంటుండు. నలభై ఏండ్ల సంది తడి బండల మీద గంపతోని తిరిగిన. ఒక్కనాడు జారలే."

'జారిపడ్డారు' అన్న మాట కొట్టేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి సంతకం చేశాను. కాలు గట్టిపడ్డాక, మందులు వేసుకుంటూ, నిక్షేపంగా మార్కెట్లో కూర్చోవచ్చని కొడుక్కి నేనే నచ్చజెప్పాను.

తర్వాత పాత పేషెంట్లందరికీ ఫోన్ చేసి, పడేముందు ఏమైందని అడిగాను. దడ, చీకట్లు అన్న మాటలు మళ్లీ మళ్లీ వినిపించాయి. నా పత్రం మొత్తం మారిపోయింది. గుండె మీద ఆ తర్వాత రాసిన పత్రాలన్నీ ఆ ప్రశ్నలోంచే పుట్టాయి.

అచ్చయిన పత్రం పట్టుకుని మోండా మార్కెట్‌కి వెళ్లాను. కొత్తిమీర కట్టల వెనక కుర్చీలో కూర్చుని ఉంది, చేతికర్ర పక్కనే.

"దీంట్ల పేషెంట్ల పేర్లు రాయొద్దమ్మా, అందుకే నీ పేరు లేదు" అన్నాను.

"పేరెందుకు బిడ్డా? జారలే అని రాసినవా?"

ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యం తెలుగులో చదివాను: "తాను జారిపడలేదని రోగి మొదటే చెప్పింది; మేం వినలేదు."

ఆమె పక్క దుకాణపామెను కేకేసి పిలిచింది. "జెర మల్ల సదువు బిడ్డా, ఈమె సుత ఇంటది."

మళ్లీ చదివాను, ఈసారి గట్టిగా.