తలుపు లేని షెడ్డు

టీచరమ్మ పోయారన్న కబురు తెచ్చిన మనిషిని మా అమ్మ వాకిట్లోనే నిలబెట్టింది. "ఎవలు చెప్పిన్రు? నువ్వు నీ కండ్లతోని చూసినవా?" అని అడిగింది. నిన్న సాయంత్రం దవాఖానలో గుండె ఆగిందట అని అతను చెప్పాడు. "మొన్ననే మంచిగ మాట్లాడింది. ఎవలో తప్పు చెప్పుంటరు" అంటూ చెప్పులేసుకుని అమ్మే బయల్దేరింది. మధ్యాహ్నం తిరిగొచ్చి రాట్నం ముందు కూర్చుంది కాని చెయ్యి ఆడలేదు. "నిజమే బిడ్డా" అంది. టీచరమ్మ గురించి ఎవరేం చెప్పినా అమ్మ తను వెళ్లి చూసుకునేదాకా నమ్మేది కాదు. మొదటి రోజు నుంచీ అంతే.

పోయినవాళ్ల గురించి అందరూ మంచే రాస్తారు కాబట్టి మీరూ నన్ను జర అనుమానంగానే చదవండి. టీచరమ్మకు అలాంటి చదువరులే నచ్చుతారు.

మాది వరంగల్‌లో జంపఖానాలు నేసే వాడ. బాపు మగ్గం మీద కూర్చుంటే అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. మా చెల్లెకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. అక్షరాలు రానే లేదు. బడిలో ఒకటో తరగతిలోనే ఏళ్ల తరబడి కూర్చోబెట్టి, చివరికి "ఈ పిల్లకు చదువు రాదు, తోల్కపోండ్రి" అని పెద్దసారు పంపేశారు. అదొక్కటే అయితే ఇంట్లో అంత ఫికర్ చేసేవాళ్లు కాదు. అసలు భయం ఇంకొకటి. ఎవరు చెయ్యి పట్టుకుంటే వాళ్ల వెంట నవ్వుకుంటూ వెళ్లిపోయేది చెల్లె. ఒకసారి గాజులమ్మే ఆమె వెంట హన్మకొండ దాకా వెళ్లింది. ఆ రోజు నుంచి అమ్మ పాత చీర పేలికతో చెల్లె కాలిని మగ్గం గుంజకు కట్టేసేది. పాకే పిల్లలను అలా కట్టి పని చేసుకోవడం మా వాడలో మామూలే. కాని చెల్లెకు అప్పటికి తొమ్మిదేళ్లు.

టీచరమ్మ మా వాడలోకి మొదటిసారి వచ్చినప్పుడు బలవంతంగా పట్టుకెళ్లి పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్ల రోజులు ఇంకా ఎవరి మనసులోంచీ పోలేదు. భుజాన సంచితో ఒక కొత్త మనిషి ఇంటింటికీ తిరిగి "మీ ఇంట్ల ఎంతమంది పిల్లలు?" అని అడిగితే ఏమనుకుంటారు? మగవాళ్లు వెనక గోడలు దూకారు. బాపు మగ్గం గుంటలోకి దిగి తల వంచుకున్నాడు. అమ్మ చెల్లె మీద ఒక జంపఖానా కప్పేసి "మాకు పిల్లలే లేరు" అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. టీచరమ్మ నన్ను చూశారు, జంపఖానా కింద నుంచి బయటికొచ్చిన చీర పేలికను చూశారు. "మళ్ల వస్త" అని వెళ్లిపోయారు.

ఆమెది డోర్నకల్ అని, భర్త రైల్వేలో పనిచేస్తూ పోయారని తర్వాత తెలిసింది. వివరాలు తెలిసే కొద్దీ అనుమానాలు పెరిగాయి. పెద్ద చర్చి ఉన్న ఊరిది గద, మతంలో కలుపుకుంటదని కొందరు, పిల్లలను పట్నం పంపిస్తదని కొందరు. "జీతం లేకుండ ఎవలన్న పరాయి పిల్లల ముక్కు తుడుస్తరా? ఏదో ఉన్నది" అని పక్కింటి అవ్వ తేల్చేసింది. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకూ సబబుగానే అనిపించింది.

రెండోసారి వచ్చేసరికి చీర పేలిక ఒరుసుకుని చెల్లె కాలికి పుండు పడి ఉంది. టీచరమ్మ దాన్ని చూసి తిట్టలేదు. "అక్కా, బిడ్డ మీద పానం ఉన్నది కాబట్టే కట్టినవు. నాకెరికే. పగటిపూట నా దగ్గరికి తోలు, కట్టకుండ చూస్కుంట" అన్నారు. బియ్యం మిల్లు వెనక రేకుల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుని, బళ్లలో వద్దన్న పిల్లలను అక్కడ కూర్చోబెట్టుకుంటున్నారట.

"తలుపేసి లోపట మీరేం జేస్తరో నాకేమెరుక?" అంది అమ్మ.

టీచరమ్మ సంచి భుజానికి తగిలించుకున్నారు. "అయితే తలుపే ఉండది" అన్నారు.

ఉత్తమాట అనుకున్నాం. మర్నాడు వెళ్లి చూస్తే వడ్లాయన ఉలి, సుత్తె పెట్టి తలుపు ఊడదీస్తున్నాడు. ఆ తలుపునే ఇటుకల మీద పరిచి పిల్లలు రాసుకునే బల్ల చేశారు.

అమ్మ అప్పుడూ నమ్మలేదు. చెల్లెతో పాటు తన రాట్నం కూడా మోసుకెళ్లి, తలుపు ఉండాల్సిన చోట కూర్చుని కండెలు చుట్టింది. పని ఆగలేదు, కాపలా ఆగలేదు. అమ్మను చూసి ఇంకో తల్లి, ఆమెను చూసి ఇంకొకామె. కొన్నాళ్లకు షెడ్డు వాకిట్లో రాట్నాల చప్పుడుకు లోపలి పాఠం వినపడేది కాదు. ఎంతసేపని ఊరికే చూస్తారు? ఒకామె ఏడ్చే పిల్లాణ్ని ఎత్తుకుంది, ఒకామె అన్నం కలిపింది, అమ్మ జడలు వేసింది. తల్లుల సంఘమని బోర్డు రాయించింది చాలా తర్వాత. మొదలైంది మాత్రం టీచరమ్మ మీద కాపలాగానే.

ఇంతకూ అందరికన్నా పెద్ద అనుమానపు మనిషి టీచరమ్మే. ఎవరు పాలు పంపినా ముందు తను తాగి చూసేవారు. "ఈ పిల్లకు రాదు" అని ఎవరన్నా అంటే "రాదని ఎవలన్నరు? ఎట్ల అడిగి చూసిన్రు?" అని పోలీసులా నిలదీసేవారు. ఒకసారి జీపులో పెద్దమనుషులు వచ్చి పిల్లలను వరసగా నిలబెట్టి ఫోటో తీస్తామన్నారు. "ఎందుకు? ఏడ పెడ్తరు? కింద ఏమని రాస్తరు?" అని అడిగి, జవాబు నచ్చక టీ ఇచ్చి పంపేశారు. ఆ టీ కూడా ఏమంత బాగుండదు. వాకిట్లోంచి ఇదంతా చూసిన అమ్మ ఇంటికొచ్చి "ఈమెకు సుత నా అసొంటి బుద్ధే" అంది. అమ్మ నోట ఆమె గురించి మొదటి మంచిమాట అదే.

చెల్లెకు టీచరమ్మ నేర్పాలనుకున్నది అక్షరాలు కాదు. ఎవరైనా "రా బిడ్డా, మీ అమ్మ పిలుస్తాంది" అంటే కదలకుండా నిలబడి "నువ్వెవలు? ఎవలు పంపిన్రు?" అని అడగడం. తల్లులే కొంగు ముసుగేసుకుని వచ్చి పిలిచేవాళ్లు. చెల్లె ప్రతిసారీ నవ్వుతూ చెయ్యి ఇచ్చేసేది. తల్లులు నవ్వితే టీచరమ్మకు కోపం వచ్చేది. "నవ్వకుండ్రి. పిల్ల మంచిదే, బజారే మంచిది గాదు."

"అనుమానపడుడు సుత నేర్పాల్నా?" అంది అమ్మ.

"నీకు పుట్టుకతోనే వచ్చింది అక్కా. బిడ్డకు నేర్పితె వస్తది."

ఏడాది దాటినా రాలేదు. అమ్మ ఇంటి దగ్గర పేలిక కట్టడం మానలేదు. ఒకరోజు పరకాల నుంచి మా మేనమామ వచ్చి, తిన్నగా షెడ్డుకే వెళ్లి "రావే, ఇంటికి పోదాం" అని చెల్లె చెయ్యి పట్టుకున్నాడు. చెల్లె చెయ్యి గుంజుకుంది. "నువ్వెవలు? ఎవలు పంపిన్రు?" అంది. ఎత్తుకుని పెంచిన మేనమామ! ఆయన అలిగి అన్నం తినలేదు. అమ్మ ఆయనను బతిమాలలేదు కూడా. టీచరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం మగ్గం గుంజ నుంచి పేలిక విప్పి పొయ్యిలో పెట్టింది.

అప్పటి నుంచి ఇప్పటిదాకా చెల్లె ఒక్కతే షెడ్డుకు వెళ్లి వస్తోంది. ఇప్పుడు చిన్నపిల్లలకు అన్నం పెట్టే పని ఆమెదే. ఇన్నేళ్లలో నేను టీచరమ్మకు థ్యాంక్స్ చెబితే "ఎందుకు, ఏం గావాలె?" అని కళ్లు చిన్నవి చేసి చూసేవారు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. మా ఇల్లంతా ఆమెకు రుణపడి ఉంది.

మొన్న దినాలు అయిన మర్నాడు షెడ్డు ఓనరు ఒక మనిషిని పంపాడు. వెంట వడ్లాయన, రిక్షాలో కొత్త తలుపు, దానికో పెద్ద తాళం. "టీచరమ్మ లేదు గద, సామాను పోతది. ఇగ నుంచి మేమే తీస్తం, మేమే ఏస్తం" అన్నాడు. అమ్మ ఎప్పటిలాగే షెడ్డు వాకిట్లోనే రాట్నం ముందు ఉంది. లేవబోయింది. అంతలో లోపల గిన్నెలు కడుగుతున్న చెల్లె తడిచేతులతో వచ్చి వాకిలికి అడ్డంగా నిలబడింది.

"నువ్వెవలు? ఎవలు పంపిన్రు?"

అతను నవ్వి, ఓనరు పేరు చెప్పాడు. చెల్లె నవ్వలేదు, జరగలేదు. అదే మాట మళ్లీ అడిగింది. వడ్లాయన తలుపును బయటి గోడకు ఆనించి బీడీ ముట్టించుకున్నాడు. అమ్మ రాట్నాన్ని చెల్లె పక్కకు జరుపుకుని కండె చుట్టడం మొదలుపెట్టింది.