పందెం ఆపిన టీచరు

ఒడిశాలోని గుణుపురంలో మా బడి ఆటల టీచరు శిష్యురాలినని చెప్పుకోవడం నాకిప్పటికీ గొప్పే. పరుగు పూర్తికాగానే ఆవిడ ప్రతి పిల్ల చెయ్యీ పట్టుకుని, కళ్లు మూసుకుని నాడి చూసేది. ఎన్నో స్థానమని ఆ తరవాతే అడిగేది.

జిల్లా పోటీల ముందు మా జట్టునంతా రాయగడ తీసుకెళ్లి ఈసీజీ తీయించింది. అందరికంటే వేగంగా పరిగెత్తే నా గీతల్లోనే తేడా వచ్చింది. గుండెలో కరెంటు నడిచే దారి పక్కన పుట్టుకతోనే ఇంకో అడ్డదారి ఉందనీ, పరుగులో లయ తప్పితే ప్రాణం మీదకు రావచ్చనీ డాక్టరు చెప్పాడు. ఆవిడ జాబితాలో నా పేరు కొట్టేసింది.

మర్నాడు మా నాన్న పొలం నుంచి తిన్నగా బడికొచ్చాడు.

“ఏనాడూ తలనొప్పని పడుకోని పిల్లకి గుండెజబ్బేటి, మేడమ్? పందెం పోనాది గదా.”

“నన్ను తిట్టండి అన్నయ్యా, పడతాను. గుండె బాగయ్యేదాకా అమ్మిని మాత్రం పరిగెత్తనివ్వను.”

నెలరోజులు నేనావిడతో మాట్లాడలేదు. అయినా విశాఖపట్నం ఆసుపత్రికి మాతో వచ్చింది. డాక్టర్లు తొడ దగ్గర నుంచి సన్నని తీగ పంపి ఆ అడ్డదారిని కాల్చేసినంతసేపూ, బయట మా అమ్మను పట్టుకుని కూర్చుంది.

మరుసటి ఏడు డాక్టరు సరేనన్నాక జిల్లా పోటీల్లో పరిగెత్తి రెండో స్థానంలో వచ్చాను. ఆవిడ మైదానంలో కనబడ్డవాళ్లందరికీ ఒడియాలో, తెలుగులో “మా పిల్ల” అని చెప్పుకుంది.

ఆ పైవారం మా నాన్న, ఊళ్లో కబడ్డీ ఆడేవాళ్లందర్నీ ట్రాక్టరెక్కించి బడి గేటు ముందు ఆపాడు.

“మేడమ్, ఈలందరికీ కూడా ఆ గీతలు తీయించాల. ఎక్కడికి తోలమంటారో సెప్పండి,” అన్నాడు.