అడగకుండా ఇచ్చిన మందు

మెడిసిన్ రెండో ఏడాదిలో ఉండగానే నేను సైకియాట్రీ పీజీకి చదవడం మొదలుపెట్టాను. తొంభైల నడిమి రోజులవి. కాకినాడ హాస్టల్లో నా రూమ్మేటుకి అదొక వింత. పాథాలజీ ఎలా గట్టెక్కాలా అని అందరూ కిందా మీదా పడుతుంటే, నేను ఎంట్రన్సు బిట్ల పుస్తకం ముందేసుకుని మానసిక రోగాల చాప్టరు దగ్గర కూర్చునేదాన్ని.

"అందరూ గైనిక్ అంటారు, పిల్లల డాక్టరంటారు. నీకు ఇదేం పిచ్చే?" అనేది.

"ఇంటరెస్టు" అనేదాన్ని. అది అబద్ధం.

నిడదవోలులో మా ఇల్లు రైల్వే స్టేషనుకి రెండు వీధుల ఇవతల. నాన్నగారికి బజార్లో బట్టల కొట్టు ఉండేది. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నాన్నగారు, ఆయన చెల్లెలు. ఆ చెల్లెలే మా అత్తయ్య. అప్పటికి ఆవిడకి ముప్పై ఆరేళ్లు, పెళ్లి చేసుకోలేదు. బీఎస్సీ చదివింది. నాకు ఎక్కాలు నేర్పింది ఆవిడే, ఎంసెట్‌కి కెమిస్ట్రీ చెప్పిందీ ఆవిడే. సమీకరణాలు రాయించి, తప్పు చేస్తే కొట్టేది కాదు, ఆ కాగితం మడిచి పక్కన పెట్టి మళ్లీ తెల్లకాగితం ఇచ్చేది. నాకు సీటొచ్చిన రోజు నాకంటే ముందు ఆవిడ ఏడ్చింది.

నేను ఇంటర్లో ఉండగానే ఏదో మొదలైంది. స్టేషన్ మైకులో నరసాపురం ప్యాసింజరు గురించి చెబుతూ మధ్యలో తన పేరు చదువుతున్నారంది. మొదట నవ్వాం. తరవాత మైకు మోగినప్పుడల్లా చెవులు మూసుకుని పెరటి గదిలోకి వెళ్లేది. నేను కాకినాడ వెళ్లిన ఏడాదికి, అన్నంలో ఎవరో ఏదో కలుపుతున్నారని అనడం మొదలైంది. అమ్మ వడ్డిస్తే తినేది కాదు, నాయనమ్మ వడ్డిస్తే వాసన చూసి లేచిపోయేది. నేను సెలవులకి వెళ్లినప్పుడు మాత్రం కంచం ముందు కూర్చునేది.

"నువ్వు పెడితే తింటానమ్మలూ. నువ్వు నాకేం చెయ్యవు."

నాన్నగారు చెడ్డవారు కారు. కానీ పెద్దాస్పత్రిలో పిచ్చికి చూసే గది ముందు చెల్లెల్ని కూర్చోబెడితే నిడదవోలు బజారంతా తెలుస్తుందని ఆయన భయం. తాయెత్తు కట్టించారు. రాజమండ్రిలో ఒక డాక్టరు దగ్గర నీరసానికి టానిక్కు రాయించారు. ఆ సీసా మూతయినా తియ్యలేదు అత్తయ్య.

అందుకే చదువు మొదలుపెట్టాను. ఎంబీబీఎస్ పూర్తవ్వాలి, హౌస్ సర్జన్సీ చెయ్యాలి, ఎంట్రన్సులో ర్యాంకు రావాలి, పీజీ మూడేళ్లు. ఎలా చూసినా ఏడేళ్లు తేలేది. రాష్ట్రం మొత్తం మీద సైకియాట్రీ సీట్లు ఎన్నో లేవు, ఒక్కసారి తప్పితే ఎనిమిదో తొమ్మిదో అవుతాయి. అన్నేళ్లు ఆవిడ ఏం తిని బతుకుతుంది? హాస్టల్ మెస్సులో కంచం ముందు కూర్చుంటే ఆ మాటే గుర్తొచ్చేది.

గురువారాలు క్లాసులెగ్గొట్టి సైకియాట్రీ ఓపీకి వెళ్లేదాన్ని. వరండా చివర ఒక గది, రెండు బల్లలు. ప్రొఫెసరు గారు పెద్దవయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు. మొదటిరోజు నన్ను చూసి, "రెండో ఏడాదికి ఇక్కడ పోస్టింగు లేదు కదమ్మా" అన్నారు.

"చూసి నేర్చుకుంటాను సర్."

"ముందు పాథాలజీ పాసవ్వు" అని, స్టూలు మాత్రం చూపించారు.

నాలుగు నెలలు ఆ స్టూలు మీద కూర్చున్నాను. కోనసీమ నుంచీ తుని నుంచీ వచ్చేవాళ్లు. టీవీ తనతో మాట్లాడుతోందన్న మాస్టారు, పక్కింటివాళ్లు మనసు చదువుతున్నారన్న కొత్త కోడలు. ఆయన ఏ మందు రాస్తున్నారో, ఎంత రాస్తున్నారో నోట్సులో ఎక్కించుకునేదాన్ని. మూడో వారానికల్లా అత్తయ్య జబ్బు పేరు నాకు తెలిసిపోయింది. మందు పేరూ తెలిసింది. ఆయనకీ నాకూ మధ్య జానెడు బల్ల. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. మా ఇంట్లోనూ ఒకరున్నారని ఆయనకి తెలిసిపోతుందని. బజారుకి భయపడ్డారని నాన్నగారిని ఎన్ని మాటలన్నానో, నేను చేసిందీ అదే.

దసరా సెలవులకి ఇంటికి వెళ్తే అత్తయ్య గుమ్మం దాకా వచ్చింది. జాకెట్టు భుజాల దగ్గర జారిపోతోంది. చెంపల్లో ఎముకలు. నేను వెళ్లకముందు పదిరోజుల్లో ఆవిడ తిన్నది పిడికెడు అటుకులని అమ్మ చెప్పింది. ఆ సాయంత్రం నాన్నగారి ముందు కూర్చున్నాను.

"కాకినాడ తీసుకెళ్దాం నాన్నగారూ. మా ప్రొఫెసరు గారు మంచివారు."

"నువ్వు డాక్టరువే కదమ్మా అవుతోంది. పైవాళ్లెందుకు? నీకు తెలిసిన మందు నువ్వే ఇవ్వు. నీ చేత్తో పెడితే తింటుంది కూడాను."

భయపడాల్సిన మాట. కానీ నాకు లోపల గర్వంగా అనిపించింది. ఆ సంగతి ఇన్నేళ్లయినా ఎవరితోనూ అనలేదు.

మర్నాడు కాలేజీ ఐడీ కార్డు చూపించి రాజమండ్రిలో ఒక మందుల షాపులో కొన్నాను. వంటింట్లో రెండు చెంచాల మధ్య మాత్ర పెట్టి నలిపాను. మజ్జిగలో కలిపి, ఉప్పు కాస్త ఎక్కువేసి, నిమ్మాకు తుంచి వేశాను. అత్తయ్య గ్లాసు అందుకుని వాసన కూడా చూడలేదు. గటగటా తాగి నా తల నిమిరింది.

రెండు రోజులు బాగానే గడిచాయి. మైకు మోగినా పెద్దగా కదల్లేదు. పగలు కూడా పడుకుంది. నా చేతి మజ్జిగ చలవేననుకుని నాయనమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను నోట్సులో తేదీ వేసి రాసుకున్నాను, మొదటి కేసు అని.

మూడో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, పెరట్లోంచి అమ్మ కేక విని పరిగెత్తాను. అత్తయ్య బావి గట్టు పక్కన నిలబడి ఉంది. మెడ ఒక పక్కకి మెలితిరిగిపోయింది. కనుగుడ్లు పైకి తేలి ఉన్నాయి, దించుకోలేకపోతోంది. నాలుక బయటికొచ్చి దవడ బిగుసుకుంది. ఏదో చెప్పాలని చూస్తోంది, మాట రావడం లేదు. అన్నీ తెలుస్తున్నాయి ఆవిడకి. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"అమ్మవారు పూనింది" అంటూ నాయనమ్మ పసుపు నీళ్లు తెచ్చింది.

అమ్మవారు కాదు. పుస్తకంలో అర పేజీ ఉంది దీని గురించి. ఆ మందు వేసుకుంటే కొందరికి మూడు నాలుగు రోజుల్లో కండరాలు ఇలా పట్టేస్తాయి. దానికి విరుగుడు ఇంజెక్షన్ ఏమిటో కూడా ఎంట్రన్సు బిట్లలో నాలుగుసార్లు టిక్కు పెట్టాను. చేతిలో సూది లేదు, వెయ్యడం రాదు. రిక్షాలో అత్తయ్యని పొదివి పట్టుకుని స్టేషన్ దగ్గర ప్రాక్టీసు చేసే డాక్టరు గారింటికి తీసుకెళ్లాం. దారంతా ఆవిడ గొంతులోంచి కీచుమని శబ్దం. నా ఒళ్లో ఆవిడ తల వెనక్కి వెనక్కి విరుచుకుపోతుంటే, ఊపిరాడకపోతే ఏం చెయ్యాలో ఎంత గుర్తు చేసుకున్నా ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ఆ డాక్టరు గారు చూస్తూనే, "ఏమైనా మందులు వాడుతున్నారా?" అన్నారు.

నాన్నగారు నా వైపు చూశారు. వెంట వచ్చిన నాయనమ్మకి మందు సంగతే తెలియదు. అత్తయ్య బల్ల మీద పడుకుని ఉంది, చెయ్యి నా చేతిలోనే ఉంది. బయటికి వస్తే చెబుతానందామనుకున్నాను. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకూడదని తెలుసు.

మందు పేరు చెప్పాను. "మూడు రోజులనుంచండి. మజ్జిగలో కలిపి ఇచ్చానండి."

అత్తయ్య చెయ్యి వదిలేసింది.

ఇంజెక్షన్ పడ్డ పావుగంటకి మెడ సడలింది, కళ్లు కిందికి దిగాయి. ఆ కళ్లతో ఆవిడ గోడవైపు చూసింది. నన్ను తిట్టలేదు. తిడితే కాళ్లు పట్టుకుందామని ఎదురుచూశాను. ఎన్నో నెలలుగా అన్నంలో ఏదో కలుపుతున్నారంటే కాదని ఒట్లు వేసి చెప్పాం. నిజంగా కలిపింది ఒక్క నేనే.

అప్పట్నుంచి అత్తయ్య తొక్క ఉన్నవే తినేది. అరటిపళ్లు, వేరుశనక్కాయలు, కొబ్బరిబొండం కళ్లెదుట కొట్టిస్తే. నేను గదిలోకి వెళ్తే లేచి వెళ్లిపోయేది. సెలవులింకా నాలుగు రోజులుండగానే కాకినాడ వచ్చేశాను. హాస్టల్ గదిలో పుస్తకాలు తెరిస్తే అక్షరాలు కనిపించేవి కావు. బిట్ల పుస్తకం మంచం కిందికి తోసేశాను. రెండు గురువారాలు ఓపీకి వెళ్లలేదు. మూడోసారి వెళ్లి, రోగులంతా అయ్యేదాకా వరండాలో నిలబడి, ప్రొఫెసరు గారికి మొత్తం చెప్పాను.

ఆయన స్టూలు చూపించారు. "డోసు తప్పు కాదమ్మా" అన్నారు. "నేనిచ్చినా అంతే ఇచ్చేవాణ్ని. నేనిచ్చినా మెడ పట్టేసి ఉండొచ్చు. కానీ అప్పుడు మీ అత్తయ్యకి పట్టుకోడానికి నీ చెయ్యి ఉండేది."

నేను ఏడుస్తుంటే ఆపమనలేదు. ఆ ఆదివారం పొద్దున్నే నాతో పాటు రైలెక్కి మా ఇంటికి వచ్చారు. నాన్నగారు ఆయన్ని వీధిగదిలో కూర్చోబెట్టి తలుపు వేయబోతే, "ఉండనివ్వండి" అన్నారు. అత్తయ్య కిటికీ అవతల నిలబడి అడిగింది.

"మీరూ కలుపుతారాండి?"

"కలపనండి. మాత్రలు అట్టతోనే మీ చేతికిస్తాను. మీరే చింపుకోండి. వద్దనుకుంటే పారెయ్యండి. కలిపి మాత్రం ఎవ్వరూ ఇవ్వరు."

ఆవిడ పారేసింది. ఆయన మళ్లీ నెలకి వచ్చారు, మళ్లీ పారేసింది. ఐదోసారో ఆరోసారో ఒక మాత్ర వేసుకుందని నాన్నగారు ఉత్తరం రాశారు. తరవాత కొన్ని నెలలు వేసుకునేది, కొన్ని నెలలు మానేసేది. మానేసినప్పుడల్లా మైకు మళ్లీ పేరు పిలిచేది. పూర్తిగా నయం కాలేదు. మనిషి మాత్రం నిలబడింది, అమ్మ వండింది కొంచెం కొంచెం తినడం మొదలుపెట్టింది.

ఆ ఏడాది ఫార్మకాలజీలో నేను తప్పాను. మందుల పేపరులోనే. ఆరు నెలలు వెనకబడ్డాను. చదువు మానేస్తానంటే ప్రొఫెసరు గారు, "మానెయ్, కానీ వచ్చే గురువారం ఓపీకి రా" అన్నారు. అలా గురువారం తరవాత గురువారం పట్టుకుని గడిపాను. పీజీ ఎంట్రన్సులో మొదటిసారి ర్యాంకు రాలేదు, రెండోసారీ రాలేదు. మూడోసారి కౌన్సెలింగులో బోర్డు మీద సైకియాట్రీ డిప్లొమా సీటొకటి మిగిలి ఉంది. పక్కన పిల్లల వైద్యం కూడా ఖాళీగానే ఉంది. నాన్నగారు దాని వైపు చూపించారు. సంతకం పెట్టడానికి పెన్ను తీసుకున్నాను. అనుకున్న ఏడేళ్లూ అయిపోయాయి, ఇంకా సైకియాట్రీ చదువు మొదలే కాలేదు. ఎవరి కోసం తొందరపడ్డానో ఆవిడ నన్ను దగ్గరికి రానివ్వదు. అయినా పెట్టాను.

బయట ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మతో మాట్లాడాక, అత్తయ్యకి ఇమ్మన్నాను. రిసీవరు చేతులు మారిన చప్పుడు వినిపించింది.

"అత్తయ్యా, సైకియాట్రీలో సీటొచ్చింది."

"సంతోషమండి. బాగా చదువుకోండి" అంది ఆవిడ, పైవాళ్లతో మాట్లాడినట్టు, మర్యాదగా. ఫోను పెట్టేసింది.

నేను రిసీవరు చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను. వెనకాల వరసలో ఉన్నాయన, "అయిందాండీ?" అని అడిగితే అప్పుడు జరిగి దారిచ్చాను.