అన్న వచ్చేదాకా

తమ్ముడు శీనును బట్ట నేసే సాంచాల షెడ్డులో కూర్చోబెట్టింది నేనేనని అమ్మకు చెప్పలేదు.

నిన్న కోరుట్లలో మా అబ్బాయి బడికి వెళితే, టీచరమ్మ ఆటిజం ఉన్న పిల్లవాడికి వాడి పేరుతోనే కథ చెబుతోంది: "చప్పుడెక్కువైతే చింటు బయటికి పోవచ్చు."

శీను కూడా తన పేరుతో కథ చెబితే అచ్చం అందులో ఉన్నట్టే చేసేవాడు. చిన్నప్పుడు సిరిసిల్లలో ఒకనాడు, గోలీలాటకు అడ్డొస్తాడని వాడికిలా కథ చెప్పాను: "శీను షెడ్డుల కూసుంటడు. అన్న వచ్చేదాక లేవడు."

ఆటలో పడి మరిచిపోయాను. సాంచాల మోతకు చెవులు మూసుకుని ఏడ్చాడు, లాగు తడిసినా లేవలేదు.

"తలుపు తీసే ఉంది గదరా పిచ్చోడా, బయటికి రావద్దా?" అంది అమ్మ.

"వాడే కూసున్నడే అమ్మా," అన్నాను. నిన్నటిదాకా వాడు మొండివాడనే అనుకున్నాను.

బడి నుంచి నేరుగా శీను దగ్గరికి వెళ్లాను.

"గా కథ తప్పురా శీనూ. నువ్వు లేచి రావచ్చుండె. నన్ను మాఫ్ చెయ్యి."