బ్యాగులు చూసుకున్న అక్క

కెనడాలో, మిల్టన్‌లోని మా ఇంటి బేస్‌మెంట్‌లో రెండేళ్లు అద్దెకున్న నిజామాబాద్ అక్కని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది థీమ్ పార్కులో ఒక బెంచీ. ఎండాకాలం రాగానే అక్కని కూడా వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లం. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి, పార్కింగ్‌లోనే కారు డిక్కీ తెరిచి ఆవిడ చేసిన పులిహోర తినేసేవాళ్లం. గేటు దాటగానే అక్క నీడపట్టున కూర్చునేది.

"మీరు పోయి రాండ్రి, బ్యాగులు నేను చూస్కుంట" అనేది. మేమూ సిగ్గులేకుండా పోయేవాళ్లం.

ఒకసారి పెద్ద రోలర్ కోస్టర్ దగ్గర ఎత్తు కొలిచే కర్రకి మా పాప రెండు వేళ్లు తక్కువైంది. "ఆంటీ" అని ఏడ్చుకుంటూ వచ్చి అక్క ఒళ్లో పడింది.

"నేను గూడ ఎన్నడు ఎక్కలే బిడ్డా. నువ్వు పెరిగినంక నన్ను తోల్కపో" అంది అక్క, పాప కళ్లు తుడుస్తూ. ఆ మాట అంటూ ఆవిడ పైన పట్టాల వైపు చూసిన చూపు నా కళ్లబడింది. అయినా "నువ్వెళ్లక్కా, నేను కూర్చుంటా" అనలేకపోయాను.

ఆ చలికాలమే అక్కకి కాల్గరీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది.

మొన్న పాప ఆ కర్రని దాటేసింది. గంతులేస్తుందనుకుంటే, వెనక్కొచ్చి అదే బెంచీ మీద కూర్చుని నా బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, అచ్చం అక్కలాగే అంది:

"మీరు పోయి రాండ్రి నాన్నా. ఆంటీ వచ్చినంక నేను ఎక్కుత."