రంగు కింద రాగి అతుకు

ఊరి దొర గడిలోని సామాను హర్రాజు వేసిన రోజు అమ్మ మా బాపు వెంటపడి బట్టలు దాచుకునే ఒక పాత కర్ర సందుగ కొనిపించింది. దాని అంచులకూ మూలలకూ ఉన్న పట్టీలన్నిటికీ దట్టంగా ఆకుపచ్చ రంగు పూసి ఉంది. "గిది మా అమ్మ సందుగ లెక్కనే ఉన్నది" అని మాత్రం అంది.

అమ్మ వాళ్ల నాయిన, అంటే మా తాత, మా ఇంట్లోనే ఉండేవాడు. ఆయన లేచి నీళ్ల చెంబు పట్టుకున్నా అమ్మ మెడ తిప్పి చూసేది. ఆమె అనుమానం ముందు పోలీసు పటేలు దిగదుడుపే. నేను పుట్టకముందు తాత భార్య, మా అవ్వ సందుగ ఇంట్లోంచి మాయమైందట. గడి మనుషులు ఎత్తుకుపోయారని తాత, తాతే కల్లుకు అమ్ముకున్నాడని అవ్వ. ఆ కోపంతోనే అవ్వ కన్నుమూసింది. తాత దగ్గినా ఏదో దాస్తున్నాడనే నాకూ అనిపించేది, చిన్నప్పటినుంచీ అంతగా నూరిపోశారు మరి.

అమ్మ చౌడు, సున్నం కలిపి ముద్ద చేసి పట్టీలకు పట్టించి, తడిగోనె కప్పింది. తెల్లారి కొడవలి వీపుతో గీకితే రంగు పొక్కులు పొక్కులుగా ఊడింది, కింద ఇత్తడి కనిపించింది. చేతులు మండుతున్నా ఆపలేదు. తాత అరుగు మీద కూర్చుని ఊరికే చూస్తున్నాడు.

ఒక మూల ఇత్తడి మధ్యన ఎర్రగా రాగి అతుకు బయటపడింది. పట్టీ విరిగినప్పుడు పగిలిన రాగి చెంబు ముక్కతో అవ్వ వేయించిన అతుకట అది. అమ్మ గిర్రున తిరిగింది.

"అంటే గడోళ్లకే అమ్ముకున్నవన్నట్టు!"

తాత తల దించుకున్నాడు. తాత చెప్పినట్టు సందుగ గడిలోనే దొరికాక ఇంకా ఏం తేలాలి ఈమెకు, అని నాకు ఒళ్లు మండింది. అమ్మ మళ్లీ గీకడానికి వంగింది. కాసేపటికి చెయ్యి నెమ్మదించింది. ఊడిన రంగును వేళ్ల మధ్య నలుపుతూ తనలో తానే అనుకున్నట్టు అంది:

"పైసలిచ్చి కొన్నోడు ఇత్తడికి రంగెందుకు పూస్తడు? మెరిసేది నలుగురికి చూపిచ్చుకోడా? ఎవలదో గుర్తుపట్టొద్దనే గదా పూసింది!"

కొడవలి కింద పెట్టి అరుగు దగ్గరికి వెళ్లింది. "నాయినా" అంది. ఆమె ఆయన్ని అలా పిలవగా నేను వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

తాత లేచి వచ్చి రాగి అతుకు మీద బొటనవేలితో రుద్దాడు.

"గీ రంగు మీ అమ్మ బతికున్నప్పుడు ఊడితే బాగుండు, బిడ్డా" అన్నాడు.